అర కిలోమీటరు రైలు

రైలు నడుస్తున్నంత కాలం ఏ ఊరికీ గౌరవం ఉండదు. రైలు పోయాకే వస్తుంది!

ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. కావాలంటే మా ఊరిని చూడండి. చిన్న రైలు తిరిగిన రోజుల్లో మా ఊరంటే ఎవరికీ లెక్కలేదు. "అదా, ఆ బుల్లి రైలు ఊరా?" అని నవ్వేవారు. ఇప్పుడు కెమెరాలు మెడలో వేసుకొని కార్లు దిగుతున్నారు. దారి పొడవునా బోర్డులు వెలిశాయి. ఇక్కడ ఒకప్పుడు స్టేషను ఉండేది. ఇక్కడ ఒకప్పుడు గేటు ఉండేది. ఇక్కడ ఒకప్పుడు వంతెన ఉండేది. అవన్నీ ఉన్న కాలంలో ఒక్క బోర్డయినా సరిగ్గా ఉందా? ప్లాట్‌ఫారం మీద మా ఊరి పేరులో రెండక్షరాలు రాలిపోయి, ఏళ్ళ తరబడి అది వేరే ఊరి పేరులా ఉండేది!

కాబట్టి పాఠకులారా, మీ ఊళ్ళో రైలు ఇంకా నడుస్తుంటే మీ మీద నాకు నిజంగా జాలిగా ఉంది.

తెలియనివారి కోసం కాస్త చరిత్ర. కొండమీది కలప కిందికి దించుకోవడానికి ఎవరో వ్యాపారులు వేసుకున్న లైను ఇది. పట్టాల మధ్య దూరం ఒక మనిషి అంగకు సరిపోతుంది. నారో గేజి అంటారు. కొండ మలుపుల్లో పెద్ద రైలు తిరగదు, పెద్ద రైలు వెయ్యడానికి వాళ్ళకు చేతులు కూడా రాలేదు, అందుకని చిన్నది వేశారు. మొదట కలప దిగింది. తర్వాత రాళ్ళు దిగాయి. ఆ తర్వాత, ఎవరూ పిలవకుండానే, మనుషులు ఎక్కారు. లైను కొమ్మలు వేసి చుట్టుపక్కల ఊళ్ళన్నిటినీ కలిపేసింది. అందులో ఒక కొమ్మ మా ఊళ్ళో మొదలై, కొండ కడుపులోని సొరంగం దాటి, పైనున్న చివరి స్టేషనులో ఆగేది. ఆ ఊరిని మేం పై ఊరు అంటాం.

దాని వేగం గురించి చెప్పాలా? ముందు పెట్టెలో తగువు పడినవాళ్ళు దిగి, రైలు పక్కనే నడుస్తూ తగువు తేల్చుకొని, వెనక పెట్టెలో ఎక్కేవారు!

ఇంత వేగాన్ని దేశం భరించలేకపోయింది కాబోలు, ఒక రోజు ఆపేశారు. నష్టమన్నారు. పట్టాలు తుక్కు కింద అమ్మేశారు. అయ్యో అనుకుంటున్నారా? ఎందుకండీ అయ్యో? ఆ రైలు ఎక్కడికీ పోలేదు, మా ఇళ్ళల్లోకి వచ్చింది. మా వీధిలో సగం బాల్కనీలు పట్టా ముక్కల మీదే నిలబడ్డాయి. టికెట్ కిటికీకి ఉన్న ఇనుప చట్రం ఇప్పుడు బంగారం కొట్టువాడి కిటికీకి ఉంది. మంగలి షాపులో బెంచీ పట్టాల కింద వేసిన పాత స్లీపరు చెక్కే. దాని మీద కూర్చొని వంతు కోసం చూస్తుంటే, అచ్చం రైలు కోసం చూస్తున్నట్టే ఉంటుంది. తేడా అల్లా, మంగలి వస్తాడు.

అయితే ఇవన్నీ పైపై లాభాలు. అసలు మేలు జరిగింది సంసారాలకు!

ఉదాహరణకు మా అక్కాబావల్నే తీసుకోండి. అక్క పై ఊళ్ళో నర్సు. ఆ ఊరికి డాక్టరైనా, ఆస్పత్రయినా ఆవిడే. పిల్లలు ఆవిడను సూదక్క అంటారు, వీధి మలుపులో కనిపిస్తే చాలు, ఏ తప్పూ చెయ్యకపోయినా ఏడుస్తారు. బావ చిన్న రైలుకి గార్డు. పొద్దున్నే పచ్చజెండా ఊపుతూ కిందికి వచ్చేవాడు, సాయంత్రం అదే జెండా ఊపుతూ ఇంటికి చేరేవాడు. రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉంటే ఏ దాంపత్యం నిలబడుతుంది చెప్పండి? వంకాయ దగ్గరా గొడవే, వాననీళ్ళు కారే కప్పు దగ్గరా గొడవే.

రైలు ఆగింది. బావకు కిందనే, పాత కాగితాల గదిలో ఉద్యోగం వేశారు. కొండను చుట్టుకొచ్చే రోడ్డు మీద పై ఊరికి పోవాలంటే దాదాపు పూటంతా బస్సులోనే గడుస్తుంది. ఆ బస్సు కూడా రోజుకొక్కటే, దానికి బుద్ధి పుడితే. దాంతో బావ మా మేడమీది గదిలో చేరాడు. రెండు మూడు వారాలకోసారి ఇంటికి పోయి వచ్చేవాడు. అప్పటినుంచి వాళ్ళిద్దరి మధ్య ఒక్క గొడవ కూడా లేదు! పోట్లాడాలన్నా ఎదురుగా మనిషి ఉండాలి కదా. ఇంత ప్రశాంతత ఏ రైలు ఇవ్వగలదు?

అక్క ఉద్యోగానికి కూడా కొత్త ఉత్సాహం వచ్చింది. పసిపిల్లలకు వెయ్యాల్సిన టీకా మందులు మా ఊరి పెద్దాస్పత్రిలో ఉంటాయి. వాటిని ఐసుముక్కలు పెట్టిన పెట్టెలో పై ఊరికి తీసుకెళ్ళాలి. చల్లదనం తప్పితే ఆ మందు పనికిరాదు. రైలు ఉన్నప్పుడు పెట్టె ఒళ్ళో పెట్టుకొని కూర్చునేది, ఐసు కరగడం మొదలుపెట్టేలోపే ఊరు వచ్చేసేది. అందులో ఏం మజా ఉంది? ఇప్పుడు బస్సు ఎక్కిన దగ్గర్నుంచీ ఐసుకీ అక్కకీ పోటీ! ఒకసారి బస్సు టైరు పంచరై ఐసు గెలిచింది. మందంతా పారబోసి, తల్లులను వెనక్కి పంపించి, అక్క ఆ పూట అన్నం తినలేదు. ఆటన్నాక గెలుపోటములుంటాయి మరి.

ఇంత హాయిగా రోజులు గడుస్తుంటే, వారసత్వ శాఖ అని ఒకటి వచ్చింది. దాని అధికారిని అందరం పెద్దసారు అంటాం. మెత్తని మనిషి, మెత్తని బూట్లు. పాత వస్తువు కనిపిస్తే ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. వస్తువుకు మాత్రమే.

ఆయన మా చిన్న రైలును బతికిస్తానన్నాడు. ఊరంతా పొంగిపోయింది. బావైతే పాత యూనిఫారం ఇత్తడి గుండీలను చింతపండుతో తోమి అద్దంలా చేసుకున్నాడు. "ఇక రోజూ ఇంటికి పోతానోయ్" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

తీరా చూస్తే రైలు అర కిలోమీటరు!

స్టేషను నుంచి మొదటి మలుపు దాకా పట్టాలు వేశారు. ఎవరికి అమ్మారో ఆ తుక్కు వ్యాపారి దగ్గరే మళ్ళీ కొన్నారట. ఒక ఇంజను, రెండు పెట్టెలు, కొత్త రంగు. మలుపు దాకా పోతుంది, కూత పెడుతుంది, వెనక్కి వస్తుంది. ఎంత ఆరోగ్యకరమైన ఏర్పాటో చూడండి. ప్రయాణంలో అలసట ఉండదు, సామాను పోదు, వెళ్ళిన చోట తెలిసినవాళ్ళు తగిలి డబ్బు అడగరు. అసలు వెళ్ళిన చోటే ఉండదు!

 బావ ఆ రోజు గుండీలు మళ్ళీ ఒకసారి తోమాడు. ఉద్యోగం ఉద్యోగమే కదా, ఆ అర కిలోమీటరు రైలుకి ఆయన్నే గార్డుగా వేశారు.

ప్రారంభోత్సవం రోజు వచ్చింది. అది పై ఊళ్ళో టీకాల రోజు కూడా. ముందు రోజే వచ్చి మా ఇంట్లో దిగిన అక్క, పొద్దున్నే ఆస్పత్రి నుంచి పెట్టె తీసుకొని బస్టాండుకు వెళ్ళింది. బస్సు లేదు. కండక్టరు ఒక్కడే గోడకు ఆనుకొని టీ తాగుతున్నాడు.

"ఇవాళ సర్వీసు లేదక్కా. బస్సుని రైలు పండగకి ఇచ్చేశారు. పై ఊరి జనాన్ని దాంట్లోనే తెచ్చారు, చప్పట్లు కొట్టడానికి."

"మళ్ళీ ఎప్పుడు పోతుంది?"

"ఉపన్యాసాలు అయ్యాక. సాయంత్రం."

సాయంత్రందాకా ఐసు ఉపన్యాసాలు వినదు కదా. అక్క ఒక్క క్షణం ఆలోచించింది. బస్సుని రైలు తీసుకుపోయింది కాబట్టి, రైలే తనను తీసుకుపోవాలని తేల్చుకుంది. నేరుగా స్టేషనుకు వచ్చి, వరుసలో నిలబడి, టికెట్ కొనుక్కొని, కిటికీ పక్కన కూర్చుంది. పెట్టె ఒళ్ళో పెట్టుకుంది.

నేను పత్రిక తరఫున ప్లాట్‌ఫారం మీదే ఉన్నాను. అక్క మొహం చూశాను. చిన్నప్పటినుంచీ తెలిసిన మొహం అది. ఇవాళ ఎవరికో మూడిందని అర్థమైంది.

రైలు కదిలింది. బ్యాండు మోగింది. మలుపు దగ్గర కూత పెట్టింది, ఫొటోలు తీశారు, వెనక్కి వచ్చింది. అందరూ దిగారు. రెండో విడతలో ముఖ్య అతిథి గారు ఎక్కాలి. అక్క దిగలేదు.

బావ కిటికీ దగ్గరికి వచ్చాడు. చుట్టూ అధికారులు ఉన్నారు కాబట్టి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ప్రయాణం పూర్తయింది. దయచేసి దిగండి."

"నా ఊరు రాలేదండీ గార్డు గారూ."

బావ గొంతు తగ్గించాడు. "ఇదిగో, పరువు తియ్యకు. నీకు తెలీదా, ఇది అంతవరకే పోతుందని?"

"నాకేం తెలుసు? టికెట్ మీద ఏ ఊరు రాసుందో మీరే చదవండి."

చదవక్కర్లేదు. పాత టికెట్లకు అచ్చుగుద్దినట్టు ఉండాలని పెద్దసారు పట్టుబట్టి, అట్టముక్క మీద చివరి స్టేషను పేరు వేయించాడు. పై ఊరు. పెద్ద అక్షరాలు.

పెద్దసారు వచ్చాడు. "ఎవరావిడ? దింపండి."

"నావల్ల కాదు సార్."

"ఎందుకు కాదు?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నా సార్, ఏ విషయంలోనూ దింపలేకపోయాను."

బావ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. ఇటు పెద్దసారు, అటు పెళ్ళాం. అయినా నేను చూశాను, ఆ మాట అంటున్నప్పుడు ఆయన మీసం కింద చిన్న నవ్వుంది. రైలు ఆగాక బావ నవ్వడం అదే మొదటిసారి.

పెద్దసారు స్వయంగా వంగి, మెత్తగా చెప్పాడు. "అమ్మా, అది నిజం టికెట్టు కాదు. జ్ఞాపకం కోసం ఇచ్చింది."

"నేనిచ్చిన డబ్బులు జ్ఞాపకం కోసం ఇవ్వలేదు కదండీ!" అక్క పెట్టె మూత మీద చెయ్యి వేసింది. "దీంట్లో తట్టు టీకాలున్నాయి. పైన తల్లులు పిల్లల్నెత్తుకొని కూర్చున్నారు. ఐసు కరిగితే ఇది వట్టి నీళ్ళతో సమానం. మీరు నా బస్సు తీసుకున్నారు. నాకు రైలివ్వండి. రైలు లేదంటే బస్సివ్వండి. రెండూ మీ దగ్గరే పెట్టుకుంటే ఎట్లా?"

ఈ మాటలు ప్లాట్‌ఫారం అంతా వినిపించాయి. చప్పట్ల కోసం తెచ్చిన పై ఊరి జనం కూడా విన్నారు. అందులో ఒక ముసలామె ముందుకొచ్చి, కొంగు నడుముకు చుట్టి, రైలు పెట్టెలోకి ఎక్కేసింది. "చప్పట్లు కొట్టమన్నారు, కొట్టాం. ఇక ఇంటికి పోవాలి. నా మనవరాలు కూడా అక్కడే సూది కోసం కూర్చుంది" అంది. ఆమె వెనక ఇంకొకరు. వాళ్ళ వెనక ఇంకొందరు. అందరి చేతుల్లోనూ పై ఊరి టికెట్లే, పెద్దసారే ఉచితంగా పంచినవి! చూస్తుండగానే రెండు పెట్టెలూ నిండిపోయాయి. లైను మూసేటప్పుడు ప్రయాణికులు లేరని ఎవరన్నారో గాని, ఆ పెద్దమనిషి అక్కడ ఉండాల్సింది.

ముఖ్య అతిథి గారికి కూర్చోవడానికి చోటు లేదు. ఎండ నెత్తి మీదికి వస్తోంది. మెడలో దండ వాడుతోంది. ఆయన వాచీ చూసుకొని, విసుగ్గా, "ఆవిడకి మీ శాఖ జీపిచ్చి పంపించెయ్యండయ్యా. ఈ జనాన్ని ఆ బస్సెక్కించండి" అన్నాడు. అంతసేపూ ఎవరికీ తట్టని ఆలోచన, ఎండ తగలగానే ఎంత చప్పున తట్టిందో చూశారా? నాయకులను నీడలో కూర్చోబెట్టడం మనం చేస్తున్న పెద్ద పొరపాటు.

అక్క జీపు ఎక్కుతూ ఆగింది. "గార్డు లేకుండా ప్రయాణం ఎట్లాగండీ?"

పెద్దసారు చెయ్యి ఊపాడు, పొమ్మన్నట్టు. బావ ఆ ఇత్తడి గుండీల వేషంలోనే, జెండా చంకలో పెట్టుకొని ఎక్కాడు. వార్త కోసమని నేనూ ఎక్కాను.

జీపు కొండను చుట్టుకుంటూ పోతోంది. ఒళ్ళో పెట్టె మీద అక్క చెయ్యి తియ్యలేదు, పిల్లకు జ్వరం చూస్తున్నట్టు. బావ అడిగాడు.

"కోపమా?"

"అందరి ముందు నన్ను 'అమ్మా' అన్నారు."

"డ్యూటీ కదే మరి."

"బాగుంది లెండి, గౌరవంగా. ఇంట్లో కూడా అట్లాగే పిలవండి."

పై ఊరి స్టేషనే ఇప్పుడు అక్క ఆరోగ్య కేంద్రం. ఒకప్పుడు రైలు కోసం చూసిన ప్లాట్‌ఫారం మీదే తల్లులు పిల్లలనెత్తుకొని చూస్తున్నారు. అక్క దిగీ దిగగానే పెట్టె తెరిచింది. లోపల చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుంది. బావ పెట్టె మీదికి వంగాడు. జీపు డ్రైవరుకు ఈ గొడవతో ఏ సంబంధమూ లేదు, అతను కూడా మెడ చాచాడు.

"ఉంది" అంది అక్క. "ఇంకా గడ్డగానే ఉంది."

ఆ తర్వాత ప్లాట్‌ఫారమంతా ఒకటే ఏడుపు. ఒక పిల్లను చూసి ఇంకో పిల్ల, వంతు రాకముందే మొదలుపెట్టేశారు. బావ ఒక్కొక్కరినే ఎత్తుకొని, జెండా ఊపి ఆడించాడు. పసివాళ్ళు ఆ గుండీలు పట్టుకొని లాగితే రెండు ఊడిపోయాయి. ఆయన వెతుక్కోలేదు.

నేను ఆ రోజు అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ప్రయాణ సౌకర్యం వల్ల సంసారానికి ఎంత చెరుపో! బావ ఇంట్లో అడుగు పెట్టిన పూటే గొడవ. కప్పు కారే చోట గిన్నె ఎందుకు జరిపావని ఆయన, జరపకపోతే నీళ్ళు మీ నెత్తిన పట్టుకుంటారా అని ఆవిడ. ఇద్దరి గొంతులూ వీధిలోకి వినిపించాయి. అంత సంతోషంగా వాళ్ళు పోట్లాడుకోవడం చూసి చాలా కాలమైంది. మర్నాడు కిందికి రావడానికి బండి దొరకలేదు. ఆ మర్నాడు కూడా దొరకలేదని బావ చెప్పాడు. వెతికినట్టు మాత్రం నాకు కనబడలేదు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కాని పై ఊరి జనం కిటుకు కనిపెట్టేశారు. ఆదివారం వచ్చిందంటే చాలు, కిందికి పని మీద వచ్చినవాళ్ళంతా సంచులతో, పిల్లలతో, ఒకాయనైతే కుట్టుమిషనుతో సహా, అర కిలోమీటరు రైలెక్కి కూర్చోవడం! టికెట్ చూపించడం! దిగం అనడం! చేసేది లేక శాఖవారు ఏదో ఒక బండి పెట్టి కొండమీదికి చేర్చడం! వాళ్ళను చూసి పట్నం నుంచి వచ్చినవాళ్ళు కెమెరాలు దించేసి, "మాకూ పైకి పోవాలనుంది" అనడం మొదలుపెట్టారు. అర కిలోమీటరు రైలు కొండెక్కి దిగుతోందని ఊరంతా చెప్పుకున్నారు.

పెద్దసారు తల పట్టుకున్నాడు. పైకి ఒక నివేదిక పంపాడు. ప్రయాణికుల తాకిడి వల్ల రైలు చారిత్రక స్వరూపం దెబ్బతింటున్నదని, వెంటనే ఆపడం మంచిదని. ఆపేశారు! ప్రపంచంలో ఎన్నో రైళ్ళు జనం ఎక్కక మూతబడ్డాయి. జనం ఎక్కారని మూసిన రైలు మాదే. ఈ ఘనత మాకెవరూ కట్టబెట్టలేదండీ, కష్టపడి సంపాదించుకున్నాం.

ఇప్పుడు ఇంజను చుట్టూ గాజు గది కట్టారు. తాకరాదు, ఎక్కరాదు, ఆనుకోరాదు. లోపలికి ఎవరూ వెళ్ళకుండా చూడడానికి బయట ఒక స్టూలు వేశారు. దాని మీద బావను కూర్చోబెట్టారు. ఉద్యోగం పేరు కూడా మార్చలేదు. గార్డే!

అయితే బావ ఇప్పుడు మా మేడమీద ఉండడం లేదు. రైల్వేవారు అన్నీ అమ్మారు గాని, సొరంగాన్ని ఏ తుక్కు వ్యాపారీ కొనలేదు. పట్టాలు పోయిన దారిన నడుస్తూ, సొరంగంలోంచి పోతే, రోడ్డు మీద బస్సు కన్నా ముందే ఊరు చేరవచ్చు. మోకాళ్ళు ఒప్పుకోవాలంతే. బావ మోకాళ్ళను ఒప్పించుకున్నాడు. టీకాల రోజున సెలవు పెట్టి, పెట్టె ఆయనే భుజాన వేసుకుంటాడు, అక్క ముందు టార్చి పట్టుకొని నడుస్తుంది.

మొన్న టీకాల రోజున నేను కూడా వాళ్ళ వెంట వెళ్ళాను. వానకు సొరంగమంతా చిత్తడిగా ఉంది. సగం దూరం పోయాక ఎదురుగా దీపాలు కనిపించాయి. తలకు టోపీలు, టోపీలకు లైట్లు పెట్టుకొని పదిమంది దాకా జనం. వారసత్వ నడక అని శాఖవారు కొత్తగా మొదలుపెట్టారట. ముందున్న గైడు గోడ మీది మసిని చూపిస్తూ, "ఒకప్పుడు ఈ దారిలో మనుషులు ఒక ఊరినుంచి ఇంకో ఊరికి ప్రయాణం చేసేవారు" అని చెబుతున్నాడు. అందరూ ఆశ్చర్యపోతున్నారు.

అంతలో వాళ్ళ లైట్లు మా మీద పడ్డాయి. భుజాన పెట్టెతో, ఇత్తడి గుండీలతో బావ. బురద కాళ్ళతో, తెల్లచీరతో అక్క. ఒకావిడ సంబరంగా ఫోను పైకెత్తి అక్కను అడిగింది.

"ఎంత సహజంగా ఉన్నారండీ! మీరు కూడా ప్రదర్శనలో భాగమేనా?"

"కాదమ్మా, నేనింకా బతికే ఉన్నాను" అంది అక్క. "కాస్త పక్కకి జరుగు. ఐసు కరిగిపోతోంది."

వాళ్ళు వెంటనే గోడకు ఆనుకొని దారిచ్చారు. మంచివాళ్ళు, ఆ మాట ఒప్పుకోవాలి. మేం దాటి వెళ్తుంటే, నటన చాలా బాగుందని చప్పట్లు కూడా కొట్టారు.